మైకు మీద గోరుచిక్కుళ్లు

13 సెప్టెంబరు 2011, మంగళవారం

తెల్లవారుజామున కరెంటు పోయింది. ఆయన విసనకర్ర వెతుక్కున్నారు, నేను హెడ్‌ఫోన్లు వెతుక్కున్నాను. కాలనీలో ఫ్రిజ్‌లూ మోటార్లూ ట్యూబ్‌లైట్లూ అన్నీ ఒక్కసారి ఊరుకుంటే రేడియోలో గరగర సగానికి సగం తగ్గిపోతుంది. పెళ్లయిన దగ్గర్నుంచి చెబుతున్నా ఈ సంగతి మల్లికార్జునరావు గారి బుర్రకెక్కలేదు, ఇంక ఎక్కదు కూడా.

పాత కారు బ్యాటరీ తగిలించి కూర్చున్నాను. ఎక్కడో సముద్రం మధ్య ద్వీపంలో ఒక ముసలాయన తన ఊళ్లో వాన పడుతోందని చెబుతున్నాడు. ఆ గొంతు దగ్గరికి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నిద్రలో ఎవరో వచ్చి దుప్పటి సర్ది వెళ్తున్నట్టుంది. నేను పలకలేదు. కిటికీలో వెలుగు వచ్చేదాకా ఆయన వానలోనే ఉన్నాను.

ఈ రోజు నుంచి సకల జనుల సమ్మె. ఆఫీసులు, బడులు, బొగ్గు గనులు అన్నీ బంద్. మా కోచింగ్ సెంటర్ కూడా మూసేశారు. చైతన్యపురి రోడ్డు మీద హాస్టల్ పిల్లలు బ్యాగులు తగిలించుకుని ఊళ్లకి పోతున్నారు. ఫిజిక్స్ లెక్చరర్‌కి సెలవు, రేడియో పిచ్చిదానికి పండగ.

టిఫిన్ల వేళకి జ్యోతి వచ్చింది. అరుణజ్యోతి పూర్తి పేరు. మా సెంటర్ కింద జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. నిరుడు ప్రశ్నపత్రాలు కాపీ తీయిద్దామని వెళ్తే, నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానం ఒకటి షాపు మీదుగా పోయింది. పైలట్ పని నేర్చుకునే పిల్లలవి. తల బయటికి పెట్టి అది కనిపించినంతసేపూ చూసి, “మేడం, గా విమానంల పిలగాడు కింద ఎవలతోటి మాట్లాడ్తడు?” అని అడిగింది. దానికి జవాబు చెప్పడం మొదలుపెట్టి ఏడాది దాటింది, ఇంకా పూర్తి కాలేదు.

హ్యామ్ పరీక్ష పాసయింది, సొంత సెట్టుతో గాలిలో మాట్లాడటానికి సర్కారు పెట్టేది, డిట్ డాల మోర్స్‌తో సహా. లైసెన్సు ఢిల్లీ నుంచి రావాలి. వచ్చేదాకా వినొచ్చు గానీ మాట్లాడకూడదు. నా చేతి సెట్టు ఒకటి ఇచ్చాను. మాట్లాడే బటన్ నొక్కనని మాటిచ్చింది, ఆ మాట మీదే ఉంది. ఇన్ని నెలలు రోజూ అందరి కబుర్లూ వింటూ ఒక్క ముక్క కూడా అనకుండా ఉండటం నావల్ల అయితే కాదు. నేనైతే మొదటి రోజే పట్టుబడి ఉండేదాన్ని.

జ్యోతి మొదటిసారి గాలిలో పలికే రోజు గురించి తరచూ ఊహించుకుంటూ ఉంటాను. ఆ గొంతు ఊరి మీదుగా ఎలా పోతుంది, ఎవరి ఇంట్లో ఎవరు కాఫీ గ్లాసు పక్కన పెట్టి వింటారు, ఇవన్నీ. పిల్లల్లేని వాళ్లకి ఇలాంటివే ఉంటాయని మా ఆడపడుచు ఇంద్రాణి అంటుంది. ఇంద్రాణి ఏదో ఒకటి అంటుంది.

14 సెప్టెంబరు

వాన. యాంటెనా తీగ మీద చుక్కలు వరసగా కూర్చున్నాయి. చాలాసేపు చూశాను.

18 సెప్టెంబరు, ఆదివారం

ఈ రోజు నెట్, అదే మా హ్యామ్‌లందరం రేడియోలో కలుసుకునే వేళ, బాగా జరిగింది. కొత్తగా నలుగురు వచ్చారు. ఆదివారం నెట్ అంటే కొత్తవాళ్ల కోసమే. ఇది నేనే మొదలుపెట్టాను, నేనే నడుపుతున్నాను. పాతవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది, కొత్తవాడు దొరికితే చాలు, కోడ్‌లూ అంకెలూ కుమ్మరించి బెదరగొట్టేస్తారు. నా నెట్‌లో అది కుదరదు. ఇంటికొచ్చిన వాళ్లని ముందు కూర్చోమనాలి, మంచినీళ్లివ్వాలి, ఆ తర్వాతే గోత్రాలు. పేరు చెప్పు, ఊరు చెప్పు, నీ గొంతు మాకు బాగా వినబడుతోంది. అంతే.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కొత్తవాళ్లు మొట్టమొదటిసారి పిలిచినప్పుడు, నేర్పినవాళ్లే ముందు పలకాలి. అప్పటిదాకా ఎంత పెద్దవాళ్లయినా నోరు మెదపరు.

గాలిలో రాజకీయం మాట్లాడకూడదు, రూలు. కాబట్టి అందరం వాన గురించీ బ్యాటరీల గురించీ మాట్లాడుకున్నాం. కానీ దిల్‌సుఖ్‌నగర్ ఆయన మైకు నొక్కితే వెనక నుంచి “జై తెలంగాణ” అని ఊరేగింపు. కాసేపటికి కొత్తపేట ఆయన నొక్కితే అదే ఊరేగింపు. తర్వాత ఎల్బీనగర్. అరుపు మా అందరి కిటికీల మీదుగా నడిచి వెళ్లింది, మేం మాత్రం యాంటెనా ఎత్తు గురించే మాట్లాడుకుంటున్నాం. నిద్రలో ఒక కల, ఆ కల బయట ఇంకో కల, అలా అనిపించింది.

చివర్లో వినేవాళ్లకి కూడా నమస్కారం చెప్పాను. జ్యోతి వింటూ ఉంటుందని నాకు తెలుసు.

19 సెప్టెంబరు

ఆర్టీసీ కూడా సమ్మెలో కలిసింది. రోడ్డు మీద బస్సు లేదు. జ్యోతి వాళ్ల నాన్న దశరథ గారు డ్రైవరు. డిపో ముందు టెంట్ వేసి కూర్చున్నారట.

ఎదురు గోడ మీద ఎవరో రాశారు. ఆంధ్రోళ్లు వెనక్కి పోవాలని. ఆయన చదివి లోపలికొచ్చి పేపరు తిరగేశారు. నేను తెనాలి వదిలి ఇరవై ఏడేళ్లు. వెనక్కి పొమ్మంటే ఎక్కడికి పోవాలో రాసినవాడు పక్కన అడ్రసు కూడా రాసి ఉంటే బాగుండేది. బాధేసింది. చాలా బాధేసింది.

21 సెప్టెంబరు, బుధవారం

మధ్యాహ్నం ఇంద్రాణి వచ్చింది, వనస్థలిపురం నుంచి, స్కూటర్ మీద. ఇల్లు అమ్మేసి విజయవాడ పోదామని వాళ్లాయన అంటున్నాడట. ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఆ గోడ సంగతి చెప్పాను. గోరుచిక్కుళ్లు ముందేసుకుని వలుస్తూ ఏవో మాట్లాడుకున్నాం. ఆడవాళ్ల మాటలు. రేడియో పిచ్చి గురించి అడిగింది, కొత్తవాళ్ల గురించి అడిగింది. ఏదో చెప్పాను.

ఇంద్రాణి వెళ్లాక దివాన్ మీద నుంచి గోరుచిక్కుళ్ల సంచీ తీస్తే, కింద మైకు ఉంది. సంచీ బరువుకి బటన్ నొక్కుకుని ఉంది. సెట్టు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. గబుక్కున లాగాను.

కొండ మీద రిపీటర్ ఉంది కదా, ఒకరి మాట పట్టి ఊరందరికీ అందించేది, అది ఎవరైనా ఆపకుండా మాట్లాడితే మూడు నిమిషాలకి తనే నోరు కట్టేస్తుంది. కాబట్టి వెళ్తే మూడు నిమిషాలు. అది కూడా ఇంద్రాణి ఏడుపే అయి ఉంటుంది. మధ్యాహ్నం పూట ఎవరూ సెట్టు పెట్టుకుని కూర్చోరు. భోంచేసి పడుకుంటారు.

ఎవరూ విని ఉండరు.

22 సెప్టెంబరు

ఎవరూ ఏమీ అనలేదు. అంటే వినలేదనే.

24 సెప్టెంబరు

జ్యోతి రాలేదు. బస్సులు లేవుగా. నడవలేనంత దూరమేం కాదు గానీ, రోజూ ఎవరు నడుస్తారు.

25 సెప్టెంబరు, ఆదివారం

నెట్. అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. ఉదయలక్ష్మి గారూ, మీ సిగ్నల్ బాగుంది, ధన్యవాదాలు, సెలవు. మామూలుగా శేఖర్ నన్ను ఏడిపించకుండా నెట్ ముగియనివ్వడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, సూర్యాపేట వాళ్లు, మూడేళ్ల కింద నేనే లైసెన్సు ఇప్పించాను. “మేడం, మీ వీధిల కాఫీ వాసన రేడియోల ఒస్తుంది” అంటాడు ప్రతివారం. ఈ రోజు పేరు చెప్పి, రిపోర్టు ఇచ్చి, వెళ్లిపోయాడు.

సమ్మె కదా, ఎవరి మనసూ బాగా లేదు. కరెంటు కోతలు పెరిగాయి. బొగ్గు రావడం లేదట.

నెట్ అయ్యాక దూరపు బ్యాండ్ మీద వెతికాను. ఎవరో ఒకామె ఏదో తెలియని భాషలో పాడినట్టు మాట్లాడుతోంది. అర్థం ఒక్కటీ తెలియలేదు. కళ్లు మూసుకుని విన్నాను. అర్థం కాని గొంతు ఎంత హాయిగా ఉంటుందో.

27 సెప్టెంబరు

ఈ రోజు నుంచి బతుకమ్మ. సందు చివర ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. నిరుడు జ్యోతి నన్ను కూడా లాక్కెళ్లింది. పాటకీ అడుగుకీ కుదరక నేను తడబడుతుంటే నవ్వలేదు, చెయ్యి పట్టుకుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. జిరాక్స్ షాపు కూడా మూసే ఉంది. ఒంట్లో బాగాలేదేమో.

29 సెప్టెంబరు, గురువారం

శ్రీరామమూర్తి గారు వచ్చారు. వనస్థలిపురం నుంచి ఆటో పట్టుకుని, కర్ర పట్టుకుని. తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు. ఈ చుట్టుపక్కల మా అందరికంటే పెద్ద హ్యామ్ ఆయనే. ఇది గాలిలో చెప్పేది కాదు, ఫోన్లో చెప్పేది కూడా కాదు, అందుకే వచ్చానన్నారు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

విన్నారట. ఆయన విన్నారు, శేఖర్ విన్నాడు, దిల్‌సుఖ్‌నగర్ ఆయన విన్నారు, కొత్తపేట ఆయన భార్య కూడా విన్నారు. సమ్మె వల్ల అందరూ ఇళ్లలోనే ఉన్నారు, ఏమీ తోచక సెట్లు పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఆ మాత్రం తట్టలేదు.

నేనేమన్నానో ఆయన చెప్పారు. ఎటో చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు, నా మాటలు నాకే చెప్పారు. “జిరాక్సు పిల్లకి డిట్ డాలు నేర్పడం తేలికే ఇంద్రాణీ. ఆ భాషతో మైకులో నోరు తెరిస్తే నలుగురూ నవ్విపోతారు. ముందు దానికి తెలుగు నేర్పాలి.” ఆ తర్వాత నేనూ ఇంద్రాణీ నవ్వామట. నవ్వు మధ్యలో రిపీటర్ ఆగిపోయిందట.

నేను దాని మంచికే అన్నానని చెప్పాను. గోడ మీద ఆ రాత చూసిన బాధలో ఉన్నానన్నాను. ఆయన తల ఊపారు. “గోడ మీద రాసినవాడు నిన్ను ఎరగడమ్మాయ్. నువ్వు ఆ పిల్లని ఎరుగుదువు,” అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు. విన్నవాళ్లలో కొందరు నవ్వారట, మన కోస్తా జిల్లాల వాళ్లు. తనకి అదే ఎక్కువ బాధగా ఉందట.

జ్యోతి విన్నదా అని అడిగాను. ఆ సంగతి తెలియదన్నారు.

విని ఉండదు. ఆ వేళకి షాపులో ఉంటుంది. కానీ షాపు మూసి ఉంది కదా.

30 సెప్టెంబరు

రాయాలని లేదు.

1 అక్టోబరు, శనివారం

ఎల్బీనగర్ వెళ్లాను. ఆటోలు దొరక్క నడిచాను. కొత్తపేట దాకా రోడ్డు ఖాళీ. అంత వెడల్పు రోడ్డు మధ్యలో కుక్క ఒకటి పడుకుని ఉంది, దాన్ని లేపే బండి లేదు. తంగేడు పూల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నాకు ఎదురొచ్చారు. ఈ నడక ఇలాగే సాగుతూ ఉంటే, వాళ్ల ఇల్లు రాకపోతే, ఎంత బాగుండును అనుకున్నాను. వచ్చేసింది.

చౌరస్తా వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇల్లు. దశరథ గారు టెంటు దగ్గరే ఉన్నారట. జ్యోతి వాళ్లమ్మ సైదమ్మ గుమ్మంలో కూర్చుని గునుగు పూలకి రంగు అద్దుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది. “గట్ల నిలవడ్డరేంది మేడం, లోపటికి రాండ్రి,” అంది. నాకు తిట్లు తినాలని ఉంది. ఆమె సత్తుపిండి పెట్టింది.

జ్యోతి లోపలి గదిలో ఉంది. బయటికి రాలేదు. సైదమ్మే చెప్పింది. కోపంగా కాదు, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ బుధవారం పొద్దున పోస్టులో ఢిల్లీ నుంచి లైసెన్సు వచ్చిందట. ముందుగా మేడంకి రేడియోలోనే చెప్పాలని బిడ్డ అనుకుందట. “వాడకట్టోళ్లందర్ని పిల్చిన మేడం, నా బిడ్డ గాలిల మాట్లాడ్తదని. సెట్టు నడిమిట్ల పెట్టి చుట్టు కూసున్నం. నొక్కుదమనంగనే మీ గొంతొచ్చింది. మేడం గొంతు, మేడం గొంతని మస్తు సంబురపడ్డం ముందుగాల.”

అక్కడ ఆగింది. నేను సత్తుపిండి ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాను. నాకు చచ్చిపోవాలనిపించింది, ఉన్నమాట.

అప్పుడు జ్యోతి తలుపు దగ్గరికి వచ్చింది. బక్కచిక్కలేదు, కళ్లు వాచి లేవు, మామూలుగానే ఉంది. నేను లేచి ఏదేదో మాట్లాడాను. నా ఉద్దేశం అది కాదన్నాను, అన్నది నిజమే గానీ అన్నాను, ఇంద్రాణి అడిగితే అన్నాను. నాకే అసహ్యం వేసి ఆపేశాను. తప్పయింది జ్యోతీ అన్నాను.

“షాపుల రోజు అంటరు మేడం, నా మాటకు. నవ్వి కాపీలు తీస్కపోతరు. నాకేం అనిపియ్యదు. మీరన్నరు. గదే,” అంది. “మీరు నేర్పే తెలుగు నేర్చుకుంట. నేర్చుకుని ఇంటికొస్త. ఒచ్చి మా అమ్మతోటి ఏ తెలుగు మాట్లాడాలె?” అని అడిగింది.

నాదర్‌గుల్ విమానం ఒకటి ఇంటి మీదుగా వెళ్లింది. ఈసారి ఆ పిల్ల తల ఎత్తలేదు.

రేపు నెట్‌లోకి వస్తావా అని అడగాలని వెళ్లాను. అడగకుండానే వచ్చేశాను. దారంతా అదే తలచుకున్నాను. ఇన్ని నెలలు నొక్కకుండా ఉన్న బటన్ అది, నొక్కే హక్కు వచ్చిన రోజునే ఆ పిల్ల చేతిని నేను వెనక్కి లాగేశాను. ఇంక ఆ గొంతు వింటానో లేదో. నాకు కావలసింది అదొక్కటే, అది నా చేతిలో లేదు.

2 అక్టోబరు, ఆదివారం

నెట్ తెరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొత్తవాళ్లు ఎవరైనా ఉంటే పిలవండి అన్నాను.

మాట రాలేదు. బజర్ మోత వచ్చింది. మోర్స్ నేర్చుకోవడానికి నేను కొనిచ్చిన బజర్‌ని సెట్టు దగ్గర పెట్టి కొడుతోంది. డా డిట్ డా డిట్. చివరి డా కొంచెం సాగదీస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. చేతికి కూడా యాస ఉంటుంది, మా వాళ్లు ఒక్కో చేతిని గొంతు గుర్తుపట్టినట్టే గుర్తుపడతారు. ఆ సాగు వినగానే తెలిసిపోయింది. ఢిల్లీ ఇచ్చిన కొత్త కాల్‌సైన్, గాలిలో ఆ పిల్ల గుర్తు. ఆ వెనకే పేరు, అక్షరం అక్షరంగా. జె, వై, ఓ.

మోర్స్‌లో ఎవరి తెలుగూ వినబడదు. నవ్వడానికి ఎవరికీ ఏమీ దొరకదు. నా ఎదుట ఆ పిల్ల ఎంచుకున్న దారి అది. నేను పెట్టిన దారి.

ఎవరూ పలకలేదు. శ్రీరామమూర్తి గారు, శేఖర్, అందరూ ఉన్నారు, ఊరుకున్నారు. నేర్పినవాళ్లే ముందు పలకాలి. నన్ను ఆ వరసలోంచి తీసేసి ఎవరైనా ముందుకొచ్చి ఉంటే నేను కాదనేదాన్ని కాదు. రాలేదు. నాకు చోటు ఉంచారు.

మోర్స్‌లోనే జవాబిచ్చాను. నీ సిగ్నల్ స్పష్టంగా ఉందని. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. తర్వాత మైకు తీసుకుని అందరికీ చెప్పాను. ఇరవై ఒకటో తారీఖు నా మైకు నుంచి వచ్చిన మాటలు నావే, అవి తప్పు మాటలు, జ్యోతిని అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే క్షమించమని అడుగుతున్నాను. కొత్తవాళ్లని పిలిచే అర్హత నాకు లేదు, వచ్చేవారం నుంచి ఈ నెట్ నేను నడపను.

ఎవరూ వద్దనలేదు. ఎవరైనా అంటారని అనుకున్నానేమో, నిజం చెప్పాలంటే.

4 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. సందంతా పూలు. సాయంత్రం కునుకు పడితే కలొచ్చింది. ఊరంతా చీకటి, రిపీటర్ కొండ మీద జ్యోతి నిలబడి ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి. నేను డయల్ తిప్పుతూనే ఉన్నాను. ఎంత తిప్పినా గరగరే.

ఆయన లేపి, ఏడుస్తున్నావన్నారు. ఉల్లిపాయలన్నాను. నిద్రలో ఉల్లిపాయలేంటని ఆయన అడగలేదు. మంచి మనిషి.

7 అక్టోబరు, శుక్రవారం

శ్రీరామమూర్తి గారు ఫోన్ చేశారు. నెట్ మానేయడం గొప్ప పని అనుకుంటున్నావా అని అడిగారు. “నువ్వు మానేస్తే ఆ అమ్మాయి వల్ల నెట్ పోయిందంటారు. అది కూడా దాని నెత్తినే రుద్దుతావా?” అన్నారు. నాకు అది తట్టనేలేదు. తప్పు చేసినప్పుడు కూడా నా గురించే ఆలోచించుకున్నాను. నాది పాపం, నాది త్యాగం, మధ్యలో ఆ పిల్ల ఎక్కడుంది?

అయినా మళ్లీ మైకు పట్టి “కొత్తవాళ్లు రండి” అనలేను. ఆ మాట నా నోట పలకదు.

9 అక్టోబరు, ఆదివారం

పొద్దున్నే కరెంటు లేదు. బ్యాటరీ తగిలించాను. సమ్మె ఇంకా నడుస్తోంది. వీధిలో పాలవాడి సైకిల్ తప్ప ఏ చప్పుడూ లేదు. గరగర లేదు, ఊరేగింపు కూడా లేదు. రిపీటర్ అంత ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. పెద్ద హాల్లో ఒక్కదాన్నే ఉన్నట్టుంది.

నెట్ వేళ అయింది. నేను తెరవలేదు. శ్రీరామమూర్తి గారు తెరుస్తారనుకున్నాను, తెరవలేదు. శేఖర్ కూడా తెరవలేదు. నా ఆదివారాలు ఇలా ముగుస్తాయన్నమాట, చప్పుడు చేయకుండా. లేచి నిలబడ్డాను. సెట్టు కట్టేద్దామని చెయ్యి చాపాను.

ఎవరో బటన్ నొక్కారు. మాట లేదు. ఊపిరి ఒక్కటే. వెనక కుక్కర్ కూత, ఒక ఆడమనిషి గొంతు, “మాట్లాడు బిడ్డ,” అని.

“అందరికి నమస్తే. నా పేరు అరుణజ్యోతి. ఎల్బీనగర్ల ఉంట. ఆదివారం నెట్టు గీ దినం నేను షురూ చేస్తున్న. నా తెలుగు గిట్లనే ఉంటది. సమజ్ కాకుంటే అడుగుండ్రి, మళ్ల చెప్త.” ఆగింది. “మొదలు కొత్తోళ్లు. కొత్తగ ఒచ్చినోళ్లు ఎవలన్న ఉంటే పిలువుండ్రి.”

ఆ గొంతు నేను ఊహించుకున్నట్టు లేదు. నేను ఊహించుకున్నది నా గొంతే, జ్యోతి నోట పెట్టుకున్నాను, అంతే. ఇది కొంచెం బరువైన గొంతు. భయపడుతోంది, భయాన్ని దాచడం లేదు. ఊరి మీదుగా ఆ గొంతు పోతోంది, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ చెరువు, మూసీ అవతలికి కూడా.

ఎవరూ పలకలేదు. మొన్నటి నలుగురు కొత్తవాళ్లకి బ్యాటరీలు లేవు, కరెంటు కోతలో వాళ్ల సెట్లు మూగబోయి ఉంటాయి. పాతవాళ్లు తమ వంతు కోసం ఆగారు. ఖాళీ సాగుతోంది. ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. “పాపం, కొత్తవాళ్లు ఎవరూ లేనట్టున్నారు,” అన్నారు.

ఇరవై ఏడేళ్లు. ఈ ఊరి నీళ్లు తాగాను, ఈ ఊరి పిల్లలకి పాఠాలు చెప్పాను, వచ్చినవాళ్లకల్లా నేనే గుమ్మంలో నిలబడి రండి రండి అన్నాను. ఒక్కసారైనా గుమ్మం బయట నిలబడి నన్ను రానిస్తారా అని అడిగానా?

మైకు తీసుకున్నాను. నా కాల్‌సైన్ చెప్పాను. “ఉదయలక్ష్మి, చైతన్యపురి. కొత్త,” అన్నాను.

బటన్ వదిలాక ఏమీ రాలేదు. జ్యోతి పలకకపోతే సరే అనుకున్నాను. కట్టేసుకుని వెళ్లిపోతాను, ఎవరినీ తప్పు పట్టను. నిజంగానే అలా అనుకున్నాను.

“ఉదయలక్ష్మి గారు, చైతన్యపురి,” అంది జ్యోతి, రాసుకుంటున్నట్టు నెమ్మదిగా. “మంచిగ వినొస్తున్నరు. రాండ్రి, కూసోండ్రి.”

నేను నిలబడే ఉన్నానని అప్పటిదాకా నాకే తెలియదు. కూర్చున్నాను. జ్యోతి ఇంకా ఎవరున్నారని పిలుస్తోంది.